తెలిసినట్టుంది! తెలిసిందా?

మిరప తోటలో ఒక మొక్క ఆకులు పైకి ముడుచుకుని చిన్న పడవల్లా ఉన్నాయి. పక్క సాలులో ఇంకో మొక్క ఆకులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవల్లా ఉన్నాయి. రెండింటికీ కారణం ఒక్కటేనా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప పండించే ఊళ్లవాళ్లయితే మీలో కొందరు వెంటనే జవాబు చెబుతారు. మొదటిది పైముడత. తామర పురుగులు లేత ఆకుల్ని గీకి రసం పీల్చడం వల్ల వస్తుంది. రెండోది కింది ముడత. అది నల్లి చేసే పని. తామర పురుగుకు ఆరు కాళ్లు. అది కీటకం. ఎదిగిన నల్లికి ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు, సాలెపురుగుకు, తేలుకు చుట్టం. అందుకే కీటకాల్ని చంపే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. పైగా కొన్ని మందులు నల్లిని తినే జీవుల్ని చంపేసి, నల్లి మరింత పెరగడానికి దారి చేస్తాయి. తేడా తెలియకుండా మందు కొడితే డబ్బూ దండగే, పంటా దండగే.

చదివారు కదా! తెలిసిందా?

"ఓ, తెలిసింది" అంటారు మీరు. సరే, తెలిసిందని మీకు ఎలా తెలిసింది? ఈ ప్రశ్న వేళాకోళానికి అడిగింది కాదు. నూటనలభై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు దీనికోసం ప్రయోగాలు చేస్తున్నారు. ఈమధ్య ఆన్‌లైన్ కోర్సులు వచ్చాక ఈ ప్రశ్నకు విలువ మరింత పెరిగింది.

ఆన్‌లైన్ కోర్సు అంటే మీకు కొత్త కాదు. మన ఐఐటీలు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే పథకం మొదలుపెట్టాయి. పెద్ద కాలేజీల్లో చెప్పే పాఠాల్ని వీడియో తీసి అందరికీ ఉచితంగా ఇవ్వడం దాని పని. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే వేదికను తెరిచింది. 2020 మార్చిలో కరోనా వచ్చి కాలేజీలు, బడులు మూతపడేసరికి ఇష్టం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ అదే దిక్కయింది. ఇంజనీరింగు విద్యార్థులకూ, వ్యవసాయం చదివే విద్యార్థులకూ పాఠం అరచేతిలోని తెర మీదికి వచ్చింది. మట్టిలో దిగి నేర్చుకోవలసిన చదువు కూడా!

నిజానికి దూరం నుంచి పాఠం చెప్పడం మన దేశంలో పాత సంగతే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు వచ్చిన భాషల్లో తెలుగు ఒకటి. తరవాత 1982లో దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసింది. అచ్చు పుస్తకాలు, రేడియో పాఠాలు, అధ్యయన కేంద్రాల్లో తరగతులు. పొలంపని చేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదివినవాళ్లు మీ ఇళ్లలోనే ఉండవచ్చు. అడిగి చూడండి.

అసలు విషయానికి వద్దాం. చాలా కోర్సుల చివర విద్యార్థిని ఒక ప్రశ్న అడుగుతారు: "ఈ కోర్సులో మీరు ఏం నేర్చుకున్నారు?" జవాబులు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. "చాలా విషయాలు నేర్చుకున్నాను. మాస్టారు చక్కగా వివరించారు. అన్నీ బాగా అర్థమయ్యాయి." ఇలా రాసినవాళ్లు అబద్ధం రాయడం లేదు. వాళ్లకు నిజంగా అలాగే అనిపించింది. చిక్కంతా ఆ అనిపించడంలోనే ఉంది.

ఎబ్బింగ్‌హౌస్ మతిమరుపు లెక్క

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అని జర్మనీలో ఒక శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయనకు తన జ్ఞాపకశక్తినే కొలవాలనే ఆలోచన వచ్చింది. అర్థంపర్థం లేని చిన్న చిన్న అక్షరగుచ్ఛాలు వేలకొద్దీ తయారుచేసుకున్నాడు. వాటిని వరసలుగా బట్టీ పట్టాడు. కొంతసేపటికో, కొన్ని రోజులకో మళ్లీ అదే వరసను బట్టీ పట్టి, మొదటిసారికంటే ఎంత శ్రమ తగ్గిందో లెక్క కట్టాడు. సంవత్సరాల తరబడి ఒక్కడే కూర్చుని ఈ పని చేశాడు. (పరీక్షకు బట్టీ పట్టమంటేనే మనకు ప్రాణం మీదికి వస్తుంది. ఆయన ఎవరూ అడగకుండానే చేశాడు!) 1885లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గంట గడిచేసరికే జ్ఞాపకం సగానికి పైగా జారిపోయింది. ఒక రోజు గడిచాక మొదటి శ్రమలో దాదాపు మూడోవంతే కలిసివచ్చింది. ఆ తరవాత మాత్రం జారిపోవడం నెమ్మదించింది. నెల రోజుల తరవాత కూడా ఐదోవంతు శ్రమ కలిసివచ్చింది.

అంటే పాఠం వినగానే "నేర్చుకున్నాను" అని రాయడం, వాన వెలిసిన మరుక్షణం చెరువు కొలిచినట్టు. నిలిచే నీరెంతో తెలియాలంటే కొన్నాళ్లు ఆగి కొలవాలి.

అలా ఆగి కొలిచిన ప్రయోగం ఒకటి 2006లో వెలువడింది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 120 మంది విద్యార్థులతో చేశారు. చదవడానికి ఇచ్చినవి రెండు చిన్న వ్యాసాలు. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటికుక్కల గురించి. ఒక వ్యాసాన్ని ఏడు నిమిషాలు చదివి, మళ్లీ ఏడు నిమిషాలు చదివారు. రెండో వ్యాసాన్ని ఒక్కసారే చదివి, కాగితం పక్కన పెట్టేసి, గుర్తున్నది ఏడు నిమిషాలపాటు రాశారు. తప్పొప్పులు ఎవరూ చెప్పలేదు.

అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే, రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది. నూటికి 81 పాళ్లు. ఒకసారి చదివి రాసింది 75 పాళ్లు. చూశారా, మళ్లీ మళ్లీ చదవడమే మేలు అంటారేమో, ఆగండి. మరికొందరికి వారం తరవాత పరీక్ష పెట్టారు. అప్పుడు రెండుసార్లు చదివింది 42 పాళ్లకు పడిపోయింది. చదివి రాసింది 56 పాళ్లు నిలిచింది!

ఇంకా వింత ఉంది. రెండో ప్రయోగంలో కొందరు నాలుగుసార్లు చదివారు. కొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. వారం తరవాత మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అందర్నీ అడిగారు. ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లు. వారం తిరిగేసరికి ఎక్కువ మరిచిపోయిందీ వాళ్లే.

ఎందుకిలా జరుగుతుంది? చదివిందే మళ్లీ చదివితే కళ్లకు ఆ వాక్యాలు అలవాటు పడతాయి. చదువు జారుగా సాగుతుంది. ఆ జారుదనాన్ని మనసు "నాకు తెలుసు" అని లెక్కేసుకుంటుంది. కాగితం మూసి గుర్తు తెచ్చుకోవాలంటే మాత్రం తడబాటు, తలగోక్కోవడం తప్పవు. అందుకే "నాకేమీ రాలేదు" అనిపిస్తుంది. కాని నేర్చుకోవడం జరుగుతున్నది ఆ తడబాటులోనే. నల్లరేగడి చేలో బండి బాట ఎలా పడుతుందో మీరు చూసే ఉంటారు. మొదటి బండి కష్టంగా ఈడ్చుకుంటూ పోతుంది. అదే దారిన నాలుగు బండ్లు పోతే బాట ఏర్పడుతుంది. గట్టు మీద కూర్చుని ఆ దారిని ఎన్నిసార్లు చూసినా బాట పడదు కదా! ఇది పోలిక మాత్రమే. మెదడులో చక్రాల జాడలుంటాయని కాదు.

వీడియో పాఠాలకు కూడా ఇదే వర్తిస్తుందా? స్పూనార్, ఖాన్, షాక్టర్ అనే ముగ్గురు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు ఎంచుకున్నది 21 నిమిషాల గణాంకశాస్త్రం వీడియో. దాన్ని నాలుగు ముక్కలు చేశారు. ప్రతి ముక్క తరవాత కొందరికి ఆ పాఠం మీద చిన్న ప్రశ్నలు ఇచ్చారు. కొందరికి ఆ ప్రశ్నలే జవాబులతో సహా చూపించారు. మిగతావాళ్లకు ప్రశ్నలేమీ ఇవ్వలేదు. మధ్యమధ్య "ఇప్పుడు మీ మనసు పాఠం మీదే ఉందా?" అని అడిగారు. ప్రశ్నలు లేనివాళ్ల మనసు పదింట నాలుగుసార్లు వేరే ఎక్కడో తిరుగుతోంది. ప్రశ్నలకు జవాబు రాసినవాళ్లలో అది రెండుసార్లకు తగ్గింది. వాళ్లు నోట్సు కూడా ఎక్కువ రాసుకున్నారు. జవాబులు చూపించినవాళ్లకు ఆ లాభం రాలేదు. గైడు పుస్తకాలు కొనేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవవచ్చు.

హార్వర్డులోనే 2019లో భౌతికశాస్త్రం తరగతుల మీద మరో పరిశోధన వచ్చింది. మాస్టారు అనర్గళంగా ఉపన్యసించిన తరగతిలో విద్యార్థులు "బాగా నేర్చుకున్నాం" అన్నారు. జట్లుగా కూర్చుని తామే లెక్కలు తేల్చుకున్న తరగతిలో "అంతగా నేర్చుకోలేదు" అన్నారు. పరీక్షలో మాత్రం రెండో తరగతి వాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

కనుక కోర్సు చివర "ఏం నేర్చుకున్నారు?" అన్న ప్రశ్నకు తోడుగా "ఏది ఇంకా తేలలేదు?" అని కూడా అడగాలి. కొన్ని కాలేజీల్లో తరగతి ముగిసే ముందు ఈ రెండు ప్రశ్నలకూ ఒక్క నిమిషంలో జవాబు రాయిస్తారు. నన్నడిగితే ఆ రెండో జవాబే బంగారం. "తామర పురుగు, నల్లి గురించి నేర్చుకున్నాను" అనే విద్యార్థికంటే, "పైముడత, కింది ముడత ఒకే మొక్క మీద ఉంటే ఏం చెయ్యాలో తెలియలేదు" అని రాసిన విద్యార్థి పాఠంలో ఎక్కువ దూరం నడిచాడు.

పొలమే బడి

ఇదంతా అమెరికా కాలేజీల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? తెలిసిందనుకోవడానికీ తెలియడానికీ మధ్య తేడా ఎంత ఖరీదైనదో మన పత్తి, మిరప పొలాలు చూపించాయి.

1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి అంతా పత్తి. అప్పట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. కొడితే పురుగు అక్కడికక్కడే రాలిపోయేది. "పురుగు కనబడితే మందు కొట్టాలి" అనేది అందరికీ తెలిసిన పాఠమైపోయింది. పదే పదే కొట్టారు. మందు శత్రు పురుగుల్ని చంపింది, వాటిని తినే సాలెపురుగుల్ని, అక్షింతల పురుగుల్నీ చంపింది. దశాబ్దం నడిమికి తెల్లదోమ విజృంభించింది. 1987 నాటికి శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లను తట్టుకునే శక్తి తెచ్చుకుంది. మందు తట్టుకున్న కొద్ది పురుగులే బతికి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలకూ ఆ శక్తి వచ్చింది. తరంతరం అలాంటివే మిగిలాయి. ఒక్క పంటకాలంలో ఇరవై, ముప్పైసార్లు మందు కొట్టిన రైతులున్నారు. పంట పోయింది, అప్పు మిగిలింది. కొన్ని కుటుంబాలు మనుషుల్నే పోగొట్టుకున్నాయి.

ఇలాంటి దెబ్బే వరిలో తిని, ఇండొనేషియా దేశం 1986లో 57 రకాల పురుగుమందుల్ని వరి మీద వాడరాదని నిషేధించింది. 1989లో రైతులకోసం అక్కడ ఒక కొత్తరకం బడి మొదలైంది. దానికి గోడలు లేవు, నల్లబల్ల లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అది అనేక దేశాలకు పాకింది. 1999 నుంచి 2004 వరకు ఆసియాలోని ఆరు దేశాల్లో పత్తి రైతులకోసం నడిచిన పథకంలో మన దేశం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ శాఖ దానికి పెట్టిన పేరు ఎంతో బాగుంటుంది: పొలంబడి.

ఇరవై అయిదు, ముప్పైమంది రైతులు వారానికొకసారి పొద్దున్నే ఒక చేలో కలుస్తారు. పంటకాలమంతా ఇది సాగుతుంది. అయిదేసిమంది జట్లుగా విడిపోయి మొక్కల్ని పరీక్షగా చూస్తారు. పురుగుల్ని లెక్కపెడతారు. తరవాత చెట్టు కింద కూర్చుని పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ వేస్తారు. ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, ఎన్నెన్ని కనబడ్డాయో అంకెలతో సహా. పైన ఎండో మబ్బో. ఈ వారం మందు కావాలా, అక్కరలేదా? జట్టు తన నిర్ణయం చెప్పి, ఎందుకో నిరూపించాలి. మిగతా జట్లు ఊరుకోవు, అడుగుతాయి!

పేనుబంక పట్టిన కొమ్మను సీసాలో పెట్టి, అందులో అక్షింతల పురుగు పిల్లను వదులుతారు. మూతికి గుడ్డ కడతారు. మర్నాడు పేనుబంక ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. అక్షింతల పురుగు ఎర్రగా, గుండ్రంగా ముద్దుగా ఉంటుంది కాని, దాని పిల్ల నల్లగా, పొడుగ్గా, మొసలి పిల్లలా ఉంటుంది. తెలియనివాళ్లు దాన్నే ముందు నలిపేస్తారు. అది రోజుకు పదులకొద్దీ పేనుబంకను తింటుందని సీసాలో కళ్లారా చూసినవాళ్లు మళ్లీ నలపరు.

నాకు అన్నిటికంటే నచ్చింది పొలంబడి పరీక్ష. పేరు ఓటు పెట్టె పరీక్ష. చేలో అక్కడక్కడ ఒక్కో ప్రశ్న పెడతారు. ప్రశ్న రాసి ఊరుకోరు. నిజం పురుగునో, తెగులు పట్టిన ఆకునో చూపిస్తారు. దాని కింద మూడు చిన్న పెట్టెలు, మూడు జవాబులు. రైతు తన అంకె వేసిన చీటీని తనకు సరైనదనిపించిన పెట్టెలో వేస్తాడు. చదువు రానివాళ్లకూ ఇబ్బంది లేదు. ఈ పరీక్ష బడి మొదటి రోజున ఒకసారి, ఆఖరి రోజున ఒకసారి పెడతారు. "ఏం నేర్చుకున్నారు?" అని ఎవరూ అడగనక్కరలేదు. రెండు పరీక్షల మధ్య తేడాయే జవాబు.

సరే, ఇలా నేర్చినా అంతా తెలిసిపోతుందా? 2021 చివర్లో మిరప రైతులకు పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. ముదురు రంగులో ఉండే కొత్త తామర పురుగు తోటల మీద విరుచుకుపడింది. రైతులు నల్ల తామర పురుగు అన్నారు. శాస్త్రజ్ఞులు దాన్ని త్రిప్స్ పర్విస్పైనస్‌గా గుర్తించారు. ఆగ్నేయాసియా దాని పుట్టిల్లు. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనబడింది. పాత తామర పురుగు లేత ఆకుల్లో చేరితే, ఇది ముఖ్యంగా పూలలో గుంపులుగా చేరుతుంది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. పాత గుంటూరు జిల్లాలోనూ, ప్రకాశంలోనూ, తెలంగాణలోనూ ఎకరాలకెకరాలు దెబ్బతిన్నాయి.

ఇప్పుడు ఈ వ్యాసం మొదట చదివిన పాఠం గుర్తు తెచ్చుకోండి. తామర పురుగు వస్తే ఏమవుతుందని చెప్పుకున్నాం? ఆ సూత్రం తప్పు కాదు. కాని అదొక్కటే పట్టుకుని ముడత కోసం ఆకులు వెతికినవాడికి ఈ కొత్త పురుగు వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. పూవును తెల్లకాగితం మీద తట్టి, రాలినవాటిని భూతద్దంతో చూసేవాడికి ముందే తెలుస్తుంది. వీడియో ఆ సూత్రాన్ని చక్కగా చెబుతుంది. తట్టి చూసే అలవాటు చెయ్యి నేర్చుకోవాలి. మంచి ఆన్‌లైన్ కోర్సులు కూడా వారంవారం ప్రశ్నలిస్తాయి, చేతిపని ఇస్తాయి. వాటిని దాటేసి వీడియో మాత్రం చూసేవాళ్లు నష్టపోయేది అక్కడే.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో ఓటు పెట్టె పరీక్ష పెట్టవచ్చు. ఆరు అగ్గిపెట్టెల్లాంటి పెట్టెలు, మూడు సీసాలు, చీటీలు చాలు. మందు కొట్టని చోట, పెరటి మొక్కల మీదనో బడి తోటలోనో, మూడు రకాల పురుగుల్ని పట్టండి. ఈమధ్యే మందు కొట్టిన చేలోకి వెళ్లకండి. కుట్టే పురుగుల జోలికి పోకండి. ఒక్కో సీసా ముందు రెండేసి పెట్టెలు పెట్టండి. ఒకదాని మీద మొక్కను తినేది అనీ, ఇంకోదాని మీద పురుగును తినేది అనీ రాయండి. అక్షింతల పురుగు పిల్ల దొరికితే తప్పక పెట్టండి.

చీటీలు వెయ్యకముందే మూడింటిలో ఎన్ని సరిగా చెప్పగలరో ప్రతి ఒక్కరూ ఒక అంకె వేసుకోవాలి. ఓట్లయ్యాక మీ మాస్టారి చేతనో, మీ ఊరి వ్యవసాయ అధికారి చేతనో సరైన జవాబులు చెప్పించుకుని, పురుగుల్ని పట్టినచోటే వదిలెయ్యండి. సరిగ్గా వారం తరవాత, మళ్లీ చదవకుండా, అలాంటి పురుగుల్నే తెచ్చి మళ్లీ ఓట్లు వేయించండి. ఈసారి కూడా ముందు అంకె వేసుకోవాలి. వేసుకున్న అంకె ఒక గడిలో, వచ్చిన అంకె దాని పక్క గడిలో రాసి, తరగతి మొత్తానికి కూడండి.